వంపు దగ్గర బెంచీ

మా వైపు బస్సెక్కి "కొత్త రోడ్డు" అని అడిగితే కండక్టరు మారుమాట్లాడకుండా టిక్కెట్టు చింపి ఇస్తాడు. దిగి చూస్తే అక్కడ రోడ్డుండదు. తుప్పలుంటాయి, తుప్పల వెనక వాగుంటుంది, వాగు అవతల ఊరు ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఇదే తంతు. కొత్త రోడ్డు మందుల షాపు, కొత్త రోడ్డు సైకిలు రిపేరు, కొత్త రోడ్డు టైలర్స్. ఆ చివరిది మా అక్కది. ఉత్తరాలు కూడా ఆ పేరు మీదే వస్తాయి, బుద్ధిగా చేరతాయి. చేరనిది రోడ్డొక్కటే.

నవ్వకండి. ఆ రోడ్డు గీసింది నేనే.

మునిసిపల్ ఆఫీసు ఇంజనీరింగు విభాగంలో నేను ట్రేసర్ని. ఇంజనీరు పెన్సిలుతో ప్లాను గీసిస్తాడు. దాని మీద పల్చటి ట్రేసింగు షీటు పరిచి, ఎత్తు స్టూలు మీద కూర్చుని, సిరాతో దిద్దాలి. గీత వణికిందా, బ్లేడుతో గీకి మళ్ళీ గియ్యాలి. ఇంజనీర్లు పదకొండు మంది వచ్చారు, పోయారు. కంప్యూటర్లొచ్చాయి, వాటికి బూజు కూడా పట్టింది. నేనూ నా స్టూలూ మాత్రం కిటికీ పక్కన అలాగే ఉండిపోయాం. ఆ కిటికీలోంచి చూస్తే వాగు అవతల మా డాబా కనిపిస్తుంది. అక్క ఆరేసిన బట్టలు ఏ రంగువో కూడా చెప్పగలను. కానీ అక్కడికి చేరాలంటే బస్సు ఊరంతా చుట్టి, దిగువ వంతెన దాటి, గంటా పావు తీసుకుంటుంది. రోజుకు రెండు సార్లు. ముప్ఫయ్యేళ్ళు. లెక్కేస్తే నాకే తల తిరుగుతుంది కాబట్టి వెయ్యను.

నాకు ఈ పని నేర్పించింది అక్కే. అంటే డబ్బు కట్టింది. బావ పోయినప్పుడు దానికి ఇరవై ఆరేళ్ళు. ఒక కుట్టుమిషనూ, నేనూ మిగిలాం. రెండింటినీ పోషించింది. నేను పెళ్ళి వద్దన్నప్పుడు ఊరంతా తలా ఒక మాట అంటే, "దాని గీతలు అది గీసుకుంటుంది, మీకేం పోయింది?" అని మిషను తొక్కుతూనే అందరి నోళ్ళూ మూయించింది.

కొత్త రోడ్డు ప్లాను మొట్టమొదట దిద్దినప్పుడు ఒక షీటు మీద సిరా ఒలికింది. పారెయ్యమన్నారు. పారెయ్యబుద్ధి కాక ఇంటికి తెచ్చాను. ఆ సాయంత్రం గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచి, "ఇదిగో అక్కా, రోడ్డు" అన్నాను. అక్క మిషను ఆపి, కింద చతికిలబడి, మా ఇంటి చివర చూపుడువేలు ఆనించింది.

"నడవనా?" అంది.

"నడువు."

అలా మొదలైంది. వేలు మెల్లిగా కదిలేది, పక్కన నేను చెప్పేదాన్ని. ఇక్కడ కాలిబాట మొదలు, ఎత్తుగా ఉంటుంది, కాలు ఎత్తి వెయ్యి. ఇది దిగుడు. ఇప్పుడు వంతెన మీదున్నాం, గాలి కొడుతుంది, కొంగు పట్టుకో. కింద నీళ్ళు వినిపిస్తున్నాయా? అక్క ఒక్క క్షణం ఆగి, తల వంచి, "ఆఁ, వినిపిస్తున్నాయి" అనేది. నాకూ వినిపించేవి. అబద్ధం ఎందుకు చెబుతాను, ఆ గదిలో, ట్రేసింగు షీటు మీద దీపం వెలుగు నీళ్ళలా జారుతుంటే, నాకు నిజంగానే వినిపించేవి.

వంతెన దాటాక రోడ్డు ఊరి వైపు ఒక వంపు తిరుగుతుంది. మొదటి రోజు అక్క వేలు అక్కడ ఆగిపోయింది.

"మోకాలు లాగుతోందే. కూర్చోడానికి ఎక్కడైనా ఉందా?"

రోజంతా మిషను తొక్కే మోకాలు అది. "ఉంది, వంపు దగ్గర బెంచీ ఉంది. ఆరడుగులు. ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు" అనేశాను. లేదు. ప్లానులో బెంచీ లేనే లేదు. అక్కకి అబద్ధం చెప్పానన్న ముల్లు రాత్రంతా గుచ్చుతూనే ఉంది. మర్నాడు ఆఫీసుకెళ్ళి దాన్ని నిజం చేశాను. అసలు షీటు మీద, వంపు దగ్గర, కాలిబాట అంచును కాస్త బయటికి ఉబ్బించి, ఆ ఉబ్బులో చిటికెనవేలి గోరంత దీర్ఘచతురస్రం గీశాను. టైలర్లు లోపల కాస్త బట్ట వదిలి కుడతారు కదా, రేపెప్పుడైనా అవసరమొస్తుందని. నేనూ అంతే చేశాననుకున్నాను. ఇంటికొచ్చి సిరా ఒలికిన షీటు మీద కూడా అలాగే దిద్దాను. ఎవరూ చూడలేదు. పై అధికారి సంతకం పెట్టేశాడు. ఆ షీటు నుంచే తర్వాతి ప్లాన్లన్నీ దిద్దారు.

ఆ విధంగా ప్రతి సాయంత్రం మేమిద్దరం లేని రోడ్డు మీద నడిచి, లేని బెంచీ మీద కూర్చుని, ఊరి దాకా వెళ్ళకుండానే వెనక్కొచ్చేవాళ్ళం. బెంచీ మీద కూర్చున్నప్పుడు అక్క నిజం మాటలు మాట్లాడేది. బావ గురించి, తనకు పుట్టి పోయిన పాప గురించి. ఇంట్లో ఎప్పుడూ ఎత్తని కబుర్లు అక్కడ ఎత్తేది.

దారాల సంగతి కూడా చెప్పాలి. అక్కకి అరవై దాటాక రంగులు కలిసిపోవడం మొదలైంది. బట్ట మీద దారం రీలు పెట్టి, "ఒసేయ్, ఇది మ్యాచింగేనా?" అని అడిగేది. "కాదు, ఇది ముదురు. తియ్యి" అనేదాన్ని మొహమాటం లేకుండా. "నీ నోటికి బెల్లం పెట్టి పెంచాల్సింది" అని విసుక్కునేది కానీ నన్నే అడిగేది. పక్క షాపు వాళ్ళని అడిగితే మెప్పు కోసం అన్నిటికీ బాగుందంటారట.

కళ్ళ డాక్టరు మాత్రం మొహమాటపడ్డాడు. రెండు పరీక్షలు చేసి, కాగితం అటూ ఇటూ తిప్పి, చివరికి నా వైపు చూసి చెప్పాడు. "ఏడాది. కాస్త అటూ ఇటూ. తర్వాత వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే."

"నాతో చెప్పు నాయనా, కళ్ళు నావి" అంది అక్క.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూసింది. కండక్టరు "కొత్త రోడ్డు, కొత్త రోడ్డు" అని అరిచినప్పుడు మాత్రం నా మోచెయ్యి పొడిచింది. "ఆ రోడ్డేదో కాస్త తొందరగా వెయ్యమనవే మీ వాళ్ళని. ఒక్కసారి చూస్తూ నడవాలని ఉంది. ఆ తర్వాత పోతే పోనీ."

జన్మలో నన్ను ఏదీ అడగని మనిషి అడిగింది. దిగేటప్పుడు మెట్టు మీద నా కాలు తడబడింది. దాని కాలు కాదు, నాదే.

సరిగ్గా ఆ నెలలోనే కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇంజనీరు కుర్ర మనిషి, మంచివాడే, కానీ ఏది అడిగినా "రేపు చూద్దాం" అంటాడు. మేమంతా వెనక రేపు సారు అంటాం. ఆ రోజు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి నా బల్ల మీద కాగితం పెట్టాడు.

"అమ్మా, మీ రోడ్డు!"

రోడ్డు ఖర్చులో అయిదు వంతులకు నాలుగు కేంద్రం ఇస్తుందట. మిగిలిన ఒక వంతు నగరం పెట్టుకుంటానని కౌన్సిలు తీర్మానం చేసి, నెలాఖరులోగా పంపాలట. పంపకపోతే ఆ డబ్బు ఇంకో ఊరి రోడ్డుకి పోతుంది. దీన్ని ఆఫీసులో మ్యాచింగ్ గ్రాంటు అంటారు.

ఇంటికెళ్ళి చెబితే అక్క పకపకా నవ్వింది. "మ్యాచింగా! నాకు వివరించి చెబుతోంది చూడు. గిరాకీ బట్ట తెచ్చుకుంటుంది, దారం మనం వేస్తాం. అంతేగా? బట్ట ఎంత ఖరీదుదైనా దారం లేకపోతే అది వట్టి గుడ్డే కదా."

"అంతే."

"మరి మీ వాళ్ళ దగ్గర దారం ఉందా?"

"ఉంది. పిసినారితనమూ ఉంది."

ఆ సాయంత్రం అక్క వేలు రోడ్డు మీద ఎంత హుషారుగా నడిచిందనుకున్నారు! వంతెన మీద ఆగనేలేదు. బెంచీ దగ్గరకొచ్చి కూర్చుని, "ఈసారి ఊరి దాకా వెళ్దామే" అంది. ఆ రోజు మొట్టమొదటిసారి రోడ్డు చివరి దాకా నడిచాం. మా ఆఫీసు మెట్ల దగ్గర అక్క వేలు కాసేపు నిలబడింది, లోపలికి రానా వద్దా అన్నట్టు.

నెలాఖరు పది రోజులుందనగా కేంద్రం నుంచి రెండో ఉత్తరం వచ్చింది. ప్లాను పరిశీలించాం, అంతా బాగుంది, ఒక్కటే సందేహం. వంపు వద్ద కాలిబాటపై చూపిన దీర్ఘచతురస్రం ఏమిటి? అది బెంచీ అయితే రోడ్డు పనుల కింద రాదు. దాని ఖర్చు పూర్తిగా నగరం భరించాలి, లేదా ప్లాను నుంచి తీసెయ్యాలి. ఏ సంగతో తీర్మానంలో స్పష్టంగా రాయాలి.

ముప్ఫయ్యేళ్ళు ఎవరి కంటా పడనిది, ఎక్కడో ఎవరో కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

రేపు సారు ఫైళ్ళన్నీ దింపించాడు. దుమ్ములో తుమ్ముతూ పాత ఇంజనీర్ల నోట్లు చదివాడు. "ఎవరు పెట్టారమ్మా ఈ బెంచీ? ఎందుకు పెట్టారు? ఏదో కారణం ఉండే ఉంటుంది. నేల మెత్తగా ఉందనా? వరద గుర్తా?" అని నన్నే అడిగాడు. నేను నిబ్బుకున్న సిరా తుడుస్తూ, "పాతవాళ్ళ సంగతి మనకేం తెలుస్తుంది సార్" అన్నాను. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అంత సిగ్గుమాలిన మాట ఇంకోటి అనలేదు. రిటైరవడానికి నాలుగు నెలలుంది. నా ఇష్టానికి సర్కారు ప్లానులో బెంచీ గీశానని తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలీదు. భయపడ్డాను. ఉన్నమాటే చెబుతున్నాను, భయపడ్డాను.

కారణం దొరకలేదు కాబట్టి పెద్దదే అయి ఉంటుందని సారు బెంచీని ఉంచేశాడు. తీర్మానంలో ఒక వాక్యం చేర్చాడు. నెలాఖరుకి మూడు రోజుల ముందు కౌన్సిలు సమావేశం.

నేను ప్లాను చుట్ట ఒళ్ళో పెట్టుకుని గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం. ఫ్యాన్లు మెల్లిగా తిరుగుతున్నాయి, సభ్యుల కళ్ళు మూతలు పడుతున్నాయి. గుమాస్తా రోడ్డు అంశం చదివాడు. వంతెన, రెండు వైపులా కాలిబాట, నగరం వాటా ఇంత. ఒక్కరూ నోరు విప్పలేదు. అంత పెద్ద అంకె అందరి తలల మీదుగా మబ్బులా వెళ్ళిపోయింది. ఊపిరి పీల్చుకోబోయాను. అప్పుడు గుమాస్తా, "వంపు వద్ద బెంచీ ఒకటి, పూర్తిగా నగరం ఖర్చుతో" అని చదివాడు.

బెంచీ అంటే అందరికీ తెలుసు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నవాళ్ళే. నిద్రమత్తు వదిలిపోయింది.

ఇటుకబట్టీ ఓనరైన సభ్యుడు ముందు లేచాడు. "ఒక్క బెంచీ ఏమిటండీ? రోడ్డంత పొడుగు రోడ్డుకి ఒక్కటేనా? ఇది ఎవరి చుట్టానికి?"

రిటైర్డు టీచరమ్మ ఒకావిడ, మా పక్క వార్డు సభ్యురాలు, చెయ్యెత్తింది. "అక్కడ వేస్తే ప్రతి వార్డులోనూ వెయ్యాలి. మా పార్కులో పదేళ్ళుగా అడుగుతున్నాం, ఇచ్చారా?"

సిమెంటుదా, చెక్కదా అని ఒకరు. చెక్కదైతే ఎత్తుకుపోతారని ఇంకొకరు. ఆనుకునే వీలుంటే అక్కడే పడుకుంటారని మరొకరు. గోడ గడియారం గంట కొట్టింది, మళ్ళీ కొట్టింది. రోడ్డు ఊసే లేదు. నాకు ఆ హాలంతా నీళ్ళలో ఉన్నట్టు అనిపించింది. మాటలు పైన తేలుతున్నాయి, నేను అడుగున కూర్చున్నాను, ఒళ్ళో రోడ్డు చుట్టి ఉంది, దాని చివర ఎక్కడో అక్క వేలు ఆనించి నా కోసం ఎదురుచూస్తోంది.

మేయరమ్మ గొంతు సవరించుకుంది. "ఈ బెంచీ విషయం తేలేలా లేదు. మొత్తం అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేద్దామా?"

వచ్చే సమావేశం వచ్చే నెలలో. రేపు సారు పాపం సగం లేచి, నోరు తెరిచి, మళ్ళీ కూర్చున్నాడు.

నేను లేచాను. గోడ పక్క కుర్చీలోంచి ఎవరూ ఎప్పుడూ లేవలేదు.

"అమ్మా," అన్నాను మేయరుతో. తర్వాత ఇటుకబట్టీ ఆయన వైపు తిరిగాను. "అయ్యా, ఆ బెంచీ నా చుట్టానికే."

గుమాస్తా కలం మూత పెట్టి నా వైపు తిరిగాడు.

చెప్పేశాను. అక్క మోకాలు, నేను చెప్పిన అబద్ధం, మర్నాడు దాన్ని నిజం చెయ్యడం, అన్నీ. "ఇందులో ఏ ఇంజనీరు తప్పూ లేదు. సాయంత్రాలు మా అక్క ఈ కాగితం మీద వేలితో నడుస్తుంది. ఇప్పుడు దానికి కళ్ళు పోతున్నాయి. చూస్తూ ఒక్కసారి నడవాలని అడిగింది. బెంచీ అక్కర్లేదు. రోడ్డు ఇవ్వండి చాలు." చుట్ట విప్పి వాళ్ళ బల్ల మీద పరిచాను. సంతకాలున్న అసలు షీటు అది. చేతిసంచిలోంచి బ్లేడు తీశాను.

ఇటుకబట్టీ ఆయన ముఖం ఎర్రబడింది. "ఉండమ్మా, ఉండు. నేనేదో మాటవరసకి... పోనీ, బెంచీకి ఇటుకలు నేనిస్తాను."

"వద్దు బాబూ. మళ్ళీ ఏ రంగు ఇటుకలని మొదలవుతుంది."

ఎవరో ఫక్కున నవ్వారు. నేను వంగి గీకడం మొదలుపెట్టాను. ట్రేసింగు షీటు మీద సిరా గీకితే చిన్న చప్పుడొస్తుంది, పొడి ఆకు మీద చీమ నడిచినట్టు. సభ మొత్తం ఆ చప్పుడు విన్నది. నాలుగు గీతలు, అంతే. పొడి ఊదేశాను. చోటు గరుగ్గా, తెల్లగా మిగిలింది.

కాలిబాట ఉబ్బు మాత్రం గీకలేదు. మర్చిపోయానని చెప్పను.

చేతులన్నీ లేచాయి. నగరం తన వాటా తాను పెట్టుకుంటుందని తీర్మానమైంది. గుమాస్తా రాస్తుంటే మేయరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "ఇంకెక్కడైనా ఏమైనా గీశావా తల్లీ?" అని చెవిలో అడిగింది. "లేదమ్మా" అన్నాను. అది నిజమే. రేపు సారు ఆ సాయంత్రమే తీర్మానం పట్టుకుని తనే బయల్దేరాడు. జన్మలో మొదటిసారి ఏదీ రేపటికి పెట్టలేదు.

అక్కకి తీర్మానం సంగతి చెప్పాను. బెంచీ సంగతి చెప్పలేదు. రోడ్డు వస్తోందన్న ఆనందంలో ఎందుకులే అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

రిటైరైన రోజు సారు ఆ అసలు షీటునే నా చేతిలో పెట్టాడు. "రోడ్డు మొదలైపోయింది కదమ్మా, ఇక ఇది మీ దగ్గరే ఉండనివ్వండి." ఇంట్లో ఉన్న సిరా షీటు అప్పటికే అక్క వేలికి అరిగి చిరుగులు పట్టింది. దాని చోట దీన్ని పరిచాను. ఆ సాయంత్రం అక్క వేలు వంతెన దాటి వంపు దగ్గరకొచ్చి, గరుకు చోటు మీద ఆగింది. అది టైలరు వేలు, దారం ముడి కూడా చీకట్లో పట్టుకోగలదు. నేను ఊపిరి బిగబట్టాను. "ఇవాళ కాస్త చల్లగా ఉంది కదూ" అని అక్క వేలు ముందుకు జరిపింది.

ఏడాదిలో అయిపోతుందనుకున్న రోడ్డు వాన వల్ల ఆగింది. వాన తగ్గాక కంకర రాక ఆగింది. వంతెన సిమెంటు ఆరాలని ఆగింది. నేను రోజూ డాబా ఎక్కి చూసేదాన్ని. పచ్చటి యంత్రాలు అటూ ఇటూ పాకుతుంటే, దిగి వచ్చి అక్కకి చెప్పేదాన్ని. అక్క కళ్ళకి ముందు రంగులు పోయాయి, తర్వాత ముఖాలు పోయాయి. "అంతా పల్చటి పాల నీళ్ళలా ఉందే" అంది ఒక రోజు. బాధగా అనలేదు, ఏదో దూరపు ఊరు చూసి వచ్చి చెబుతున్నట్టు అంది. గిరాకీలకి కుట్టడం మానేసింది. కానీ మిషను చప్పుడు మాత్రం ఆగలేదు. మధ్యాహ్నాలు గది తలుపు దగ్గరగా వేసుకుని ఏదో కుట్టేది. "ఏం కుడుతున్నావక్కా?" అంటే, "పీలికలు. చెయ్యి ఊరుకోదు" అనేది. దారం రీలు పట్టుకొచ్చి మ్యాచింగేనా అని అడగడం మాత్రం మానేసింది. ఆ ప్రశ్న వినపడకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఒక్కోసారి వంటగదిలో నిలబడి ఊరికే ఏడ్చేదాన్ని.

పధ్నాలుగు నెలలకి రోడ్డు తెరిచారు. రెండు నెలలు ఆలస్యం. ఏడాది మీద రెండే నెలలు. ఎవరి మీద అరవాలో తెలియక పాలవాడి మీద అరిచాను.

తెల్లవారి అక్క తనే లేచి, జుట్టు దువ్వుకుని, తలుపు దగ్గర నిలబడింది. "పద."

"అక్కా, ఆలస్యమైపోయింది" అన్నాను. "నువ్వు చూస్తూ నడవాలన్నావు."

"అదిగో, ఆ మూట పట్టుకో" అంది, నా మాట వినిపించనట్టు. మంచం మీద దుప్పట్లో కట్టిన మూట ఉంది. ఎత్తితే బరువుగా ఉంది.

"ఏమిటిది?"

"మొయ్యవే. అన్నీ కావాలి దీనికి."

బయట పొగమంచు. అంత మంచు నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. తుప్పలున్న చోట కాలికి కాలిబాట అంచు తగిలి, నేనే తూలాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఎత్తుగా ఉంటుంది, కాలు ఎత్తి వెయ్యి" అంది.

నేను దాని వెనక నడిచాను. కర్ర కూడా లేకుండా నడుస్తోంది మా అక్క. "ఇది దిగుడు" అంది, దిగుడొచ్చింది. "వంతెన. కొంగు పట్టుకో" అంది, గాలి కొట్టింది. కింద ఎక్కడో నీళ్ళు నిజంగా పారుతున్నాయి. చప్పుడు మా గదిలో విన్నదానికి కాస్త తేడాగా ఉంది, మా గదిలోదే బాగుంది. కళ్ళున్న నాకు తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడలేదు. కళ్ళు లేనిది ముప్ఫయ్యేళ్ళు నడిచిన దారిలో ఇంటి పెద్దలా నన్ను నడిపిస్తోంది.

"ఇప్పుడు వంపు" అంది. అడుగు పక్కకి వేసింది. కాలిబాట అక్కడ ఉబ్బింది. సరిగ్గా నేను గీసినట్టే, బుద్ధిగా, ఎందుకో తెలియకుండానే, మేస్త్రీలు ఆ ఉబ్బును సిమెంటుతో పోసి పెట్టారు. అందులో ఏమీ లేదు.

"అక్కా, బెంచీ..."

"తెలుసు. గీకేశావు. గరుగ్గా తగిలింది." నా చేతిలోంచి మూట లాక్కుని, కింద కూర్చుని, ముడి విప్పింది. "ఆ రోజే అడుగుదామనుకున్నాను. నీ ఊపిరి ఆగిపోయింది, వినిపించింది. సరే, చెప్పుకోలేక ఏదో అవస్థ పడుతోందిలే అని ఊరుకున్నాను. బట్ట వాళ్ళు వేశారు కదా, దారం మనం వేద్దాం."

మూటలోంచి బొంత తీసింది. పీలికలన్నీ కలిపి, నాలుగు మడతల మందాన, పరుపులా కుట్టిన బొంత. పొడుగ్గా, సన్నగా. తడుముతూ ఉబ్బులో పరిచింది. ఈ చివర ఈ అంచుకి, ఆ చివర ఆ అంచుకి ఆనింది.

"ఆరడుగులు. నువ్వే చెప్పావుగా" అంది. తర్వాత, ఎన్ని నెలల తర్వాతో, తల పైకెత్తి నా వైపు తిప్పింది. "ఒసేయ్, మ్యాచింగ్ అయిందా?"

మంచులో వంగి చూశాను. ఆకుపచ్చ పీలిక మీద ఎర్ర దారం. పసుపు మీద నలుపు. తెలుపు మీద, దేవుడా, బులుగు. ఎక్కడా ఒక్క కుట్టు కూడా కలవలేదు.

"సరిపోయిందక్కా. అంగుళం అటూ ఇటూ లేదు."

"నేనడిగింది దారం సంగతి."

"దారం సంగతా? ఒక్కటి కూడా కలవలేదు. మొత్తం విప్పాలి."

అక్క నవ్వింది. మ్యాచింగ్ గ్రాంటు సంగతి చెప్పిన నాటి నుంచి అలా నవ్వడం చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పక్కన చేత్తో తట్టింది.

"కూర్చో మరి. తర్వాత విప్పుదాం."

కూర్చున్నాను. ఇద్దరం కాళ్ళు చాపుకున్నాం.